పోటు లెక్క

టెర్న్ హార్బర్‌లో స్కూలు బస్సు
చంద్రుణ్ణి చూసి దారి మార్చుకుంటుంది.
పౌర్ణమికి అటూ ఇటూ రెండేసి రోజులు
కూపర్ వీధిలోకి రాదు.
వానా గీనా ఏం ఉండదు, ఆకాశం తోమిన గిన్నెలా ఉంటుంది.
నీళ్ళు కింద నుంచి వస్తాయి,
మురుగు మూతల చిల్లుల్లోంచి,
ఇల్లు తమదే అన్నంత నిమ్మళంగా.

ఈ ఊరి పద్దులు రాసేది నేనే, వెర్నా టిల్మన్‌ని.
ముప్ఫయ్యొక్కేళ్ళుగా కుక్కల లైసెన్సులు,
రేవులో పడవల అద్దెలు, పీతల పండగకి బల్లల కిరాయి.
చమురు కంపెనీల మీద ఊరు దావా వెయ్యాలని
అయిదుగురిలో ముగ్గురు చేతులెత్తిన రాత్రి
ఆ మూడు చేతుల్నీ లెక్కపెట్టి రాసింది కూడా నేనే.

లాయరమ్మ బాల్టిమోర్ నుంచి వచ్చింది.
"ఎంత పోయిందో కాగితం కావాలి.
రసీదు లేకపోతే, కోర్టు లెక్కలో అది పోనట్టే" అంది.

తీశాను.
మూడుసార్లు కాలిన పంపు.
బస్సు చుట్టు తిరిగిన మైళ్ళు.
ఉప్పు తిన్న ఫైరింజను బ్రేకులు,
తిన్న ఉప్పుకి విశ్వాసం చూపని బ్రేకులు.
శ్మశానంలో దిగువ వరస నుంచి
పదకొండు పెట్టెలు మిట్టకి మార్చినందుకు
ఓడెల్ ప్రూయిట్ ఇచ్చిన బిల్లు.
పన్నెండోదానికి డబ్బు వద్దని కింద పెన్సిలుతో రాశాడు.
పన్నెండోది వాళ్ళమ్మ.

హెస్టర్ బోజ్‌మన్ ఫోన్లు ఏ పద్దులో రాయను?
ఎనభై నాలుగేళ్ళ మనిషి, పోటు రోజున పొద్దున్నే
గొంతు తగ్గించి అడుగుతుంది,
పక్కన ఎవరూ లేకపోయినా:
"వెర్నా, ఇవాళ బాత్రూము వాడొచ్చా?"
లాయరమ్మ పెన్ను ఆపి కిటికీలోంచి చూసింది.
ఆ గడి ఖాళీగా వదిలేశాం.

వాంగ్మూలం రోజున కంపెనీ తరఫు కుర్రాడు
మర్యాదస్తుడు. మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు.
"ఇక్కడికి ఎలా వచ్చారు?"
కారులో.
"పెట్రోలు ఎక్కడ పోయించారు?"
హైవే మీద, మీ బంకులోనే.
"మీ నాన్నగారు రేవులో డీజిలు అమ్మేవారు కదూ? ఎవరి బోర్డు కింద?"
మీ బోర్డు కిందే. నలభై ఏళ్ళు.
ఆయన చొక్కా మీ వాసనే వేసేది,
చర్చిలో కూడా.

టైపు చేసే అమ్మాయి వేళ్ళు ఆగాయి.
అతను నవ్వలేదు గానీ
నవ్వు దాచుకున్న చోటు కనిపించింది.

నిజమే. ఉప్పు మేమూ తిన్నాం.
నీళ్ళు తాగుతున్నాం కూడా, వీధి వీధంతా.
మరి మీరో?

అది అనలేదు. అడిగినదానికే జవాబు చెప్పమంది లాయరమ్మ.
అన్నది ఇదొక్కటే:
ఏటా క్రిస్మస్‌కి మీరు నాన్నకి క్యాలెండరు పంపేవారు.
రోజుకి రెండు పోట్లు, నిమిషాలతో సహా, మీరే అచ్చువేసి.
కొట్టు గోడ మీద దాని పక్కనే
నీరు ఎక్కిన చోటల్లా ఆయన పెన్సిలు గీత పెట్టేవాడు.
క్యాలెండరు మీద పడవ బొమ్మ మారేది. గీత పైకి పోయేది.
నేను పోయించుకున్న ప్రతి గాలనుకీ నా దగ్గర రసీదుంది, బాబూ.
ఈ గీత ఎంతదాకా పోతుందో
మీకు తెలిసిన రోజుది
మీ దగ్గరున్న కాగితం ఏది?

"అభ్యంతరం" అన్నాడు.
అదీ టైపయింది.

తిరిగొచ్చేసరికి కూపర్ వీధి మోకాలి లోతు.
వంతెన ఇవతల ఇంజను ఆపి కూచున్నాను.
స్టాపు బోర్డు మొదట్లో ఒక పీత
పక్కకి పక్కకి, తొందరేం లేకుండా, రోడ్డు దాటుతోంది.
ఫోను మోగింది.
"నీళ్ళు ఎప్పుడు తీస్తాయే, వెర్నా?"
ఇంకో గంటన్నర, హెస్టర్.
"మరి కేసో?"

పద్దు పుస్తకం తీసి తేదీ వేశాను.
కాచుకున్న సమయం: గంటన్నర, మనుషులు ఇద్దరు.
రేటు అని రాసి,
పీత అవతలి గట్టు ఎక్కేదాకా
దాన్నే చూస్తూ ఉండిపోయాను.